శాక్సన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తెమ్మంటే హెచ్‌టీఎంఎల్ తెస్తోంది: డాక్యుమెంట్ ఫంక్షన్ పంపే హెడర్ల సంగతి ఏమిటి?

స్వర్ణముఖి:
తిరుపతిలో మేము కొందరం కలిసి అన్నమాచార్య కీర్తనల పాఠాన్ని ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పెట్టి, దానిని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వేరే రూపాలకు మార్చే భాష) ద్వారా వెబ్ పేజీలుగానూ అచ్చుకు పనికివచ్చే పీడీఎఫ్‌గానూ మారుస్తున్నాం. కీర్తన, రాగం, రాగిరేకు సంఖ్య మా ఫైళ్లలోనే ఉంటాయి. పదాల అర్థాలు మాత్రం వేరొక సంస్థ సర్వర్‌లో ఉన్నాయి కాబట్టి, వాటిని స్టైల్‌షీట్‌లోని (మార్పిడి సూచనల ఫైలులోని) డాక్యుమెంట్ ఫంక్షన్‌తో నేరుగా తెచ్చుకుంటాం. ఆ సంస్థవారు సర్వర్ మార్చినప్పటినుంచి జావా 8 మీద నడిచే మా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ శాక్సన్ ఆ చిరునామా దగ్గరే ఆగిపోతోంది. 'మెటా' అనే ట్యాగుకు ముగింపు ట్యాగు లేదని పార్సర్ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను చదివే భాగం) ఫిర్యాదు చేస్తోంది. ఆ అర్థాల ఫైలులో మెటా అనే ట్యాగే లేదు.

విచిత్రమేమిటంటే, అదే చిరునామాను కర్ల్ అనే కమాండ్ లైన్ పనిముట్టుతో తెస్తే శుభ్రమైన ఎక్స్‌ఎమ్‌ఎల్ వస్తోంది. మా సహోద్యోగి తన లినక్స్ యంత్రంలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే మరొక ప్రాసెసర్‌తో అదే స్టైల్‌షీట్ నడిపితే ఏ గొడవా లేదు. అసలు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ ఒక పత్రాన్ని తెచ్చుకునేటప్పుడు ఏయే హెడర్లు (అభ్యర్థనతో పాటు వెళ్లే వివరాల వరుసలు) పంపాలో ఎక్కడైనా రాసి ఉందా? స్టైల్‌షీట్ లోపలినుంచే హెడర్ మార్చే వీలుందా?

నీవానది:
ముందుగా ప్రాసెసర్ నిజంగా ఏమి పంపుతోందో కళ్లారా చూడండి. నెట్‌క్యాట్ అనే పనిముట్టును 8000 పోర్టు మీద వింటూ ఉండమని పెట్టి, స్టైల్‌షీట్‌లోని చిరునామాను లోకల్‌హోస్ట్‌కు మార్చి ఒకసారి నడిపితే, వచ్చిన అభ్యర్థన మొత్తం తెర మీద పడుతుంది. జవాబు రాదు కాబట్టి శాక్సన్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది, దానిని కంట్రోల్-సీ నొక్కి ఆపేయండి. రెండు ప్రాసెసర్లవీ పట్టి ఇక్కడ పెడితే మాట్లాడుకోవచ్చు.

స్వర్ణముఖి:
పట్టాను. శాక్సన్ నడిపినప్పుడు వచ్చినది ఇది:

గెట్ /అర్థాలు హెచ్‌టీటీపీ/1.1
యూజర్-ఏజెంట్: జావా/1.8.0
హోస్ట్: లోకల్‌హోస్ట్:8000
యాక్సెప్ట్: టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్, ఇమేజ్/జిఫ్, ఇమేజ్/జేపెగ్, *; క్యూ=.2, */*; క్యూ=.2
కనెక్షన్: కీప్-అలైవ్

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ నడిపినప్పుడు వచ్చినది ఇంతే:

గెట్ /అర్థాలు హెచ్‌టీటీపీ/1.0
హోస్ట్: లోకల్‌హోస్ట్:8000
యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్: జీజిప్

కీర్తనలకు అర్థాలు తెమ్మని పంపిన ప్రోగ్రాం జిఫ్ బొమ్మలు ఎందుకు అడుగుతోందో నాకు బోధపడలేదు.

చంద్రగిరి_దుర్గం:
మీ జవాబు, ఏ రూపం కావాలో సర్వర్‌కు చెప్పే ఆ యాక్సెప్ట్ వరుసలోనే ఉంది. అయితే ఆ వరుస రాసింది శాక్సన్ కాదు. డాక్యుమెంట్ ఫంక్షన్ చిరునామాను శాక్సన్‌కు ఇస్తుంది, శాక్సన్ దానిని పార్సర్‌కు ఇస్తుంది, పార్సర్ జావాలోని యూఆర్‌ఎల్‌కనెక్షన్‌కు అప్పగిస్తుంది. ఎవరూ యాక్సెప్ట్ హెడర్ గురించి ఏమీ చెప్పకపోతే, ఆ చివరి మెట్టులో ఉన్న జావా లైబ్రరీ తన దగ్గర ఎప్పటినుంచో పడి ఉన్న వరుసను పంపేస్తుంది. వెబ్ నుంచి ఎవరైనా ఏదైనా తెచ్చుకుంటే అది పేజీయో బొమ్మయో అయి ఉంటుందన్న లెక్కతో రాసిన వరుస అది.

ఇప్పుడు క్యూ విలువలు, అంటే ఏ రూపం ఎంత ఇష్టమో చెప్పే అంకెలు, చూడండి. క్యూ రాయకపోతే దాని విలువ 1. అంటే హెచ్‌టీఎంఎల్‌కు పూర్తి మార్కులు, జిఫ్‌కూ జేపెగ్‌కూ పూర్తి మార్కులు. ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు ఎక్కడా లేదు కనుక అది 'ఏదైనా సరే' (*/*) అనే చివరి గంపలో పడి 0.2తో సరిపెట్టుకుంటుంది. కొత్త సర్వర్‌లో ఒకే చిరునామాకు హెచ్‌టీఎంఎల్ రూపమూ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమూ రెండూ ఉండి ఉంటాయి. 1కీ 0.2కీ మధ్య ఏది ఇవ్వాలో అది నియమం ప్రకారమే తేల్చుకుంది. కర్ల్ పంపే యాక్సెప్ట్‌లో 'ఏదైనా సరే' ఒక్కటే ఉంటుంది కాబట్టి, సర్వర్ తన మామూలు రూపమైన ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను ఇచ్చింది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అసలు యాక్సెప్టే పంపలేదు. ఆ హెడర్ లేకపోతే ఏ రూపమైనా సమ్మతమే అని భావించాలని 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9110 చెబుతుంది, పాత ఆర్‌ఎఫ్‌సీలూ అదే చెప్పాయి. మూడు పనిముట్లకు రెండు రకాల జవాబులు రావడం వెనుక ఇంతకుమించి రహస్యం లేదు.

ఇక నియమం ఎక్కడ రాసి ఉందన్న ప్రశ్నకు: 1999లోని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 గానీ, 2007లోని 2.0 గానీ, 2017లోని 3.0 గానీ హెచ్‌టీటీపీ హెడర్లను నిర్దేశించలేదు. చిరునామానుంచి పత్రాన్ని ఎలా రాబట్టాలన్నది ప్రాసెసర్ రాసినవారికే వదిలేశాయి. కాబట్టి స్టైల్‌షీట్ లోపలినుంచి డాక్యుమెంట్ ఫంక్షన్‌కు హెడర్ అందించే మార్గం లేదు.

రేణిగుంట_జంక్షన్:
అంటే టిఫిన్ సెంటరులో కూర్చొని "ఇడ్లీ తెండి, లేకుంటే ఏదైనా తెండి" అని చెప్పి, దోసె రాలేదని అలిగినట్టుంది. సర్వర్ తప్పు ఏమీ లేదంటారా?

కాణిపాకం_404:
నేను సర్వర్ల వైపు పనిచేసేవాడిని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను, ఇందులో సర్వర్ నడిపేవారి బాధ్యత చాలా ఉంది. యంత్రాలు చదివే ఫైలుకు, మనుషులు చదివే పేజీకి ఒకే చిరునామా పెట్టి, ఎవరు ఏది కోరుతున్నారో యాక్సెప్ట్ చూసి ఊహించడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, సగం పనిముట్లు ఆ హెడర్‌ను పట్టించుకోకుండానే రాసినవని తెలిసినప్పుడు అది వివేకం కాదు. చివర ఎక్స్‌ఎమ్‌ఎల్ అని ఉన్న వేరే చిరునామా ఒకటి ఇస్తే ఈ చర్చే అవసరం ఉండేది కాదు.

అంతేకాదు, యాక్సెప్ట్‌ను బట్టి జవాబు మార్చే సర్వర్ తన జవాబులో 'వేరీ: యాక్సెప్ట్' అనే హెడర్ తప్పక పంపాలి. పంపకపోతే మధ్యలో నకళ్లు దాచే క్యాష్ ఒక బ్రౌజర్‌కు ఇచ్చిన హెచ్‌టీఎంఎల్‌నే తరువాత వచ్చిన ప్రాసెసర్‌కూ ఇచ్చేస్తుంది. అప్పుడు మీరు ఎంత సరైన యాక్సెప్ట్ పంపినా ఫలితం ఉండదు, పైగా తప్పు ఒకసారి కనిపించి మరొకసారి మాయమవుతుంది. స్వర్ణముఖి గారు జవాబు హెడర్లలో అది ఉందో లేదో చూడాలి.

చంద్రగిరి_దుర్గం:
వేరే చిరునామా ఉండాలన్న మాటతో ఏకీభవిస్తాను, కానీ బాధ్యత సర్వర్‌దే అంటే ఒప్పుకోలేను. అడిగినవాడు తనకు కావలసినది స్పష్టంగా అడగాలి కదా. తన పార్సర్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తప్ప మరేదీ మింగలేదని తెలిసిన ప్రోగ్రాం, హెచ్‌టీఎంఎల్‌కే మొదటి పీట వేసి అడగడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

స్వర్ణముఖి:
జవాబులో 'వేరీ: యాక్సెప్ట్' ఉంది. కాబట్టి ఆ విషయంలో వారు జాగ్రత్తగానే ఉన్నారు. వేరే చిరునామా కోసం వారికి మెయిల్ పెట్టాను, ఈలోగా మా వైపు చేయగలిగినది చేయాలనుకుంటున్నాను.

బెంగళూరా_మామిడి:
చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే కంపెనీల పత్రాలను ఎక్స్‌ఎమ్‌ఎల్‌నుంచి ఇన్‌వాయిస్‌లుగా మార్చే పని నాది. నా పద్ధతి వేరు. మార్పిడి జరుగుతున్నప్పుడు ప్రాసెసర్ నెట్‌వర్క్ ముఖం చూడకూడదు. కావలసినవన్నీ ముందుగానే కర్ల్‌తో, సరైన యాక్సెప్ట్ హెడర్ ఇచ్చి తెచ్చుకొని, అవి నిజంగా ఎక్స్‌ఎమ్‌ఎల్ అవునో కాదో ఒకసారి సరిచూసి, డిస్కులో పెట్టుకొని, ఆ తరువాతే స్టైల్‌షీట్ నడుపుతాను. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌కు 'నోనెట్' అనే ఐచ్ఛికం ఇస్తే అది బయటి చిరునామా దేనినీ ముట్టుకోదు. పాత చిరునామాలను స్థానిక ఫైళ్లకు మళ్లించడానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ క్యాటలాగ్ ఉండనే ఉంది, స్టైల్‌షీట్‌లో ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. సీజనులో కంటెయినర్ గేటు దగ్గర ఉండగా ఎవరి సర్వర్ ఏ మూడ్‌లో ఉందో కనుక్కుంటూ కూర్చోలేం.

చంద్రగిరి_దుర్గం:
మీ పనికి అది సరిపోతుంది, ఎందుకంటే మీకు ఏయే ఫైళ్లు కావాలో ముందే తెలుసు. ఏ పత్రం కావాలన్నది మొదటి పత్రం చదివితేనే తెలిసే చోట, అంటే ఒక కీర్తనలోని పదాన్నిబట్టి చిరునామా తయారయ్యే చోట, స్టైల్‌షీట్‌లోని తర్కాన్నంతా షెల్ స్క్రిప్టులో మళ్లీ రాసుకోవలసి వస్తుంది. అలాంటప్పుడు రిజాల్వరే, అంటే చిరునామానుంచి పత్రం తెచ్చే పనిని మన చేతిలోకి తీసుకునే కోడే, దారి.

జావాలో యూఆర్‌ఐరిజాల్వర్ అనే ఇంటర్‌ఫేస్‌కు ఒక చిన్న క్లాసు రాయండి. అందులో రిజాల్వ్ అనే పద్ధతికి రెండు విలువలు వస్తాయి: స్టైల్‌షీట్‌లో రాసిన చిరునామా, దానికి ఆధారమైన చిరునామా. రెండింటినీ కలిపి పూర్తి చిరునామా తయారుచేసి, కనెక్షన్ తెరిచి, సెట్‌రిక్వెస్ట్‌ప్రాపర్టీ ద్వారా యాక్సెప్ట్‌లో అప్లికేషన్/ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు క్యూ లేకుండా, టెక్స్ట్/ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు 0.9, 'ఏదైనా సరే'కు 0.1 పెట్టండి. కనెక్ట్ టైమవుటూ రీడ్ టైమవుటూ రెండూ పెట్టండి, ఎందుకంటే జావాలో అవి పెట్టకపోతే అనంతకాలం ఎదురుచూడడమే మామూలు. వచ్చిన ప్రవాహాన్ని స్ట్రీమ్‌సోర్స్‌లో పెట్టి తిరిగి ఇవ్వండి. ఆ స్ట్రీమ్‌సోర్స్‌కు సిస్టమ్ ఐడీగా పూర్తి చిరునామా ఇవ్వడం మరిచిపోతే, ఆ పత్రం లోపల ఉన్న సాపేక్ష చిరునామాలన్నీ దారి తప్పుతాయి. శాక్సన్ 9ని కమాండ్ లైన్‌నుంచి నడిపేవారైతే 'ఆర్' ఐచ్ఛికంలో ఆ క్లాసు పేరు చెబితే చాలు.

ఒక హెచ్చరిక. ఈ రిజాల్వర్ డాక్యుమెంట్ ఫంక్షన్‌కూ, ఇన్‌క్లూడ్, ఇంపోర్ట్‌లకూ వర్తిస్తుంది. డీటీడీలు (పత్రం నిర్మాణ నియమాల ఫైళ్లు), బయటి ఎంటిటీలు (పత్రంలోకి బయటినుంచి చేరే ముక్కలు) తెచ్చేది పార్సర్ కాబట్టి వాటికి ఎంటిటీరిజాల్వర్ వేరు. మామూలు టెక్స్ట్ ఫైళ్లు చదివే అన్‌పార్స్‌డ్-టెక్స్ట్ ఫంక్షన్‌కు శాక్సన్‌లో మరొక రిజాల్వర్ ఉంది. ఒకచోట హెడర్ మార్చి అన్నిచోట్లా మారిందనుకునేవారు చాలామంది.

కాణిపాకం_404:
పై వరుసలో 0.1 అని క్యూ తప్పక రాయండి. ఏ రకానికీ క్యూ లేకుండా 'ఏదైనా సరే' కూడా జోడించి పంపితే, నియమం ప్రకారం అన్నీ సమానమే కావాలి. అపాచీ సర్వర్ మాత్రం అలాంటి వరుస చూసి జాలిపడి, 'ఏదైనా సరే'కు తనంతట తానే 0.01 వేసుకుంటుంది. మిగతా సర్వర్లు అంత దయ చూపుతాయని నమ్మకండి.

రేణిగుంట_జంక్షన్:
నాది వేరే కథ. నాకు హెచ్‌టీఎంఎల్ కూడా రాదు, నేరుగా 403 (అనుమతి లేదు) వస్తుంది. బ్రౌజర్‌లో అదే చిరునామా చక్కగా తెరుచుకుంటుంది. యాక్సెప్ట్ మార్చినా ఫలితం లేదు.

కాణిపాకం_404:
అది యూజర్-ఏజెంట్ (అడిగే ప్రోగ్రాం పేరు చెప్పే హెడర్) వల్ల కావచ్చు. జావా అన్న పేరుతో మొదలయ్యే ఏజెంట్లను నేనే రెండు చోట్ల ఆపి ఉంచాను, ఎందుకంటే ఆ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువభాగం అదుపు లేకుండా తిరిగే ప్రోగ్రాములే. దీనికి పాత చరిత్ర ఉంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సర్వర్ మీద ఉన్న డీటీడీల కోసం రోజుకు 13 కోట్ల వరకు అభ్యర్థనలు వస్తున్నాయని ఆ సంస్థవారు 2008లో బహిరంగంగా మొరపెట్టుకున్నారు. ఏళ్ల తరబడి మారని ఆ ఫైళ్లను, ఒక్కొక్క పత్రం పార్స్ చేసిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ అడిగే ప్రోగ్రాములవల్ల వచ్చిన భారం అది. ఆ ప్రోగ్రాములు రాసినవారిలో చాలామందికి తమ పార్సర్ నెట్‌వర్క్‌కు వెళుతోందనే తెలియదు. పేరు చెప్పుకోని ఏజెంట్ అయితే ఎవరికి కబురు పంపాలో సర్వర్ నడిపేవారికీ తెలియదు.

కాబట్టి బ్రౌజర్ పేరు దొంగిలించి పెట్టుకోకండి. మీ ప్రోగ్రాం పేరు, దాని సంచిక, మిమ్మల్ని చేరుకునే ఒక మెయిల్ లేదా వెబ్ చిరునామా యూజర్-ఏజెంట్‌లో పెట్టండి. లాగ్‌లో అలాంటి పేరు చూసినప్పుడు నేను ఆపడానికి ముందు ఒక మెయిల్ రాస్తాను.

రేణిగుంట_జంక్షన్:
'హెచ్‌టీటీపీ డాట్ ఏజెంట్' అనే సిస్టమ్ ప్రాపర్టీ ఇచ్చి పేరు మార్చాను. అయినా 403 పోలేదు.

నీవానది:
పోదు. ఆ ప్రాపర్టీలో మీరు ఇచ్చిన పేరు ముందు వస్తుంది, దాని వెనుక జావా తన పేరూ సంచికా తగిలిస్తుంది. పేరులో ఎక్కడ జావా కనిపించినా ఆపే నియమం అక్కడ ఉంటే మీరు మళ్లీ దొరికిపోతారు. చంద్రగిరి గారు చెప్పినట్టు రిజాల్వర్‌లో సెట్‌రిక్వెస్ట్‌ప్రాపర్టీతో పెడితే మీరు రాసినదే వెళుతుంది, తోక ఉండదు.

అన్నట్టు, స్వర్ణముఖి గారి తప్పు సందేశమే మరొక కారణంతోనూ వస్తుంది. చిరునామా హెచ్‌టీటీపీతో మొదలై, సర్వర్ 301తో హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లిస్తే, జావాలోని పాత హెచ్‌టీటీపీయూఆర్‌ఎల్‌కనెక్షన్ ఆ మళ్లింపును అనుసరించదు. ఒకే ప్రొటోకాల్ లోపలైతేనే వెళుతుంది. 301 అన్నది దాని దృష్టిలో వైఫల్యం కాదు కాబట్టి, ఆ మళ్లింపుతో పాటు వచ్చిన చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీనే పత్రమనుకొని పార్సర్‌కు అందిస్తుంది. పార్సర్ ట్యాగులు సరిపోలేదంటుంది. చూసేవారు యాక్సెప్ట్‌ను అనుమానిస్తూ ఒక పూట గడుపుతారు. స్థితి సంఖ్య చూడకుండా హెడర్ల జోలికి పోవద్దని నా మనవి.

స్వర్ణముఖి:
మాకు 200 (అంతా సరే) వస్తోంది, చూశాను. అయితే మా సహోద్యోగి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ సంగతి ఏమిటి? రేపు ఆ సంస్థవారు హెచ్‌టీటీపీఎస్‌కు మారితే?

నీవానది:
ఆగిపోతుంది. దానికి ఆధారమైన లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2లోని చిన్న హెచ్‌టీటీపీ భాగానికి హెచ్‌టీటీపీఎస్ ఎప్పుడూ రాలేదు. కర్ల్‌తో తెచ్చి ఇవ్వడమే మేలు, ఆ విషయంలో మామిడి గారి పద్ధతికే నా ఓటు.

పులిచెర్ల_పీహెచ్‌పీ:
పీహెచ్‌పీలో కూడా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి ఆధారం లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 కుటుంబమే, కానీ చిరునామాలు తెరిచేది పీహెచ్‌పీ సొంత స్ట్రీములు. అందువల్ల హెచ్‌టీటీపీఎస్ పనిచేస్తుంది, హెడర్లు కూడా మార్చవచ్చు. స్ట్రీమ్ కాంటెక్స్ట్ ఒకటి తయారుచేసి అందులో యాక్సెప్ట్, యూజర్-ఏజెంట్ పెట్టి, లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్_సెట్_స్ట్రీమ్స్_కాంటెక్స్ట్‌కు ఇస్తే, ఆ తరువాత తెరిచే పత్రానికి అవే వెళతాయి. రిజాల్వర్ క్లాసులూ గొడవలూ లేవు, జావావారు క్షమించాలి.

తిరుచానూరు_అక్షరాలు:
డాట్‌నెట్‌వారికి ఇంతవరకు కూడా రాదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌కంపైల్డ్‌ట్రాన్స్‌ఫార్మ్‌లో డాక్యుమెంట్ ఫంక్షన్ మొదటినుంచీ మూసే ఉంటుంది, సెట్టింగులలో తెరిస్తేనే పనిచేస్తుంది. తెలియని స్టైల్‌షీట్ ఎవరి సర్వర్‌నైనా తట్టి రాకుండా చేసిన ఏర్పాటు అది, మంచిదే.

నా ప్రశ్న మాత్రం వేరు. నేను తెలుగు పాఠాన్ని మామూలు టెక్స్ట్ ఫైలునుంచి అన్‌పార్స్‌డ్-టెక్స్ట్ ఫంక్షన్‌తో చదువుతాను. ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంది, ఫంక్షన్‌లో రెండవ విలువగా యూటీఎఫ్-8 అనే ఇచ్చాను. అయినా ఒక్కొక్క తెలుగు అక్షరం స్థానంలో మూడేసి పిచ్చి గుర్తులు వస్తున్నాయి. యాక్సెప్ట్-చార్‌సెట్ అనే హెడర్ పంపితే బాగుపడుతుందా?

చంద్రగిరి_దుర్గం:
బాగుపడదు. ఆ హెడర్‌ను ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా దానిని వాడవద్దనే చెబుతుంది. మీ సమస్య జవాబు హెడర్‌లో ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. సర్వర్ కంటెంట్-టైప్‌లో చార్‌సెట్ ఐఎస్‌ఓ-8859-1 (అక్షరానికి ఒకే బైటు పట్టే ఎన్‌కోడింగ్) అని చెబితే, ప్రాసెసర్ ఆ మూడు బైట్లనూ మూడు వేర్వేరు అక్షరాలుగా చదువుతుంది. మీరు ఇచ్చిన రెండవ విలువ ఎందుకు పనిచేయలేదంటే, బయటినుంచి వచ్చిన ఎన్‌కోడింగ్ సమాచారానికే మొదటి ప్రాధాన్యమని నియమం. మీ మాట దాని తరువాతే వస్తుంది.

కాణిపాకం_404:
ఆ సర్వర్ ఆకృతీకరణలో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ అనే వరుస ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటారు. దానిని తీసేయమని అడగండి. తీయలేమంటే ఫైలును ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మార్చి, ఎక్స్‌ఎమ్‌ఎల్ రకంగానే పంపమనండి, ఎందుకంటే ఆ వరుస టెక్స్ట్/ప్లెయిన్, టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ జవాబులకే చార్‌సెట్ తగిలిస్తుంది.

స్వర్ణముఖి:
రిజాల్వర్ పెట్టాం. నెట్‌క్యాట్‌లో మళ్లీ చూస్తే యాక్సెప్ట్ మేము రాసినట్టే వెళుతోంది, సర్వర్‌నుంచి ఎక్స్‌ఎమ్‌ఎలే వస్తోంది. యూజర్-ఏజెంట్‌లో మా పని పేరూ మెయిలూ పెట్టాం. ఇప్పుడు మరొక సందేహం. కీర్తన ఒక్కొక్కదానికి మేము ప్రాసెసర్‌ను విడిగా నడుపుతాం. అర్థాల ఫైలును ప్రతిసారీ అడుగుతుందా?

చంద్రగిరి_దుర్గం:
ఒకే మార్పిడి లోపల అదే చిరునామాను ఎన్నిసార్లు అడిగినా మొదట తెచ్చినదే ఇవ్వాలని నియమం ఉంది, అందువల్ల అక్కడ ఒకే అభ్యర్థన. విడిగా నడిపిన ప్రతిసారీ మాత్రం మళ్లీ మొదలు. కీర్తనలన్నింటినీ ఒకే నడకలో మార్చవచ్చు, లేదా తెచ్చిన నకలును డిస్కులో దాచుకొని, రిజాల్వర్‌లో 'ఫలానా సమయం తరువాత మారితేనే పంపు' అని చెప్పే ఇఫ్-మోడిఫైడ్-సిన్స్ హెడర్ పంపవచ్చు. శాక్సన్ తనంతట తాను ఆ హెడర్ పంపదు.

బెంగళూరా_మామిడి:
తిరిగి తిరిగి నా డిస్కు దగ్గరికే వచ్చారు. సంతోషం.

కాణిపాకం_404:
ఇఫ్-మోడిఫైడ్-సిన్స్‌లో మీ యంత్రపు గడియారం సమయం పెట్టకండి. గతసారి సర్వర్ ఇచ్చిన లాస్ట్-మోడిఫైడ్ విలువను అక్షరం మార్చకుండా దాచి, దానినే తిరిగి పంపండి. రెండు యంత్రాల గడియారాలు సరిపోకపోతే, మారిన ఫైలు మారలేదని జవాబు వస్తుంది.

చంద్రగిరి_దుర్గం:
దానితో పాటు, 304 (మారలేదు) వచ్చినప్పుడు జవాబులో పత్రం ఉండదని గుర్తుంచుకొని, రిజాల్వర్‌లో స్థితి సంఖ్య చూసి డిస్కులోని నకలును ఇవ్వండి. ఆ ఒక్క షరతు రాయకపోతే ఖాళీ ప్రవాహం పార్సర్‌కు వెళ్లి, 'ప్రిమెచ్యూర్ ఎండ్ ఆఫ్ ఫైల్' అని కొత్త ఫిర్యాదు మొదలవుతుంది. నకలు ఇచ్చేటప్పుడు కూడా సిస్టమ్ ఐడీగా డిస్కు దారి కాక సర్వర్ చిరునామానే ఇవ్వాలి.